నక్షత్రం ఎక్కడుంది? ఆకాశంలో స్థానాలను కొలిచే తీరుపై తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్తగా టెలిస్కోపు కొన్నవారు, పిల్లలకు ఆకాశం చూపించాలనుకునే ఉపాధ్యాయులు, పంచాంగం తిరగేస్తూ సందేహంలో పడినవారు అడిగే ప్రశ్నలివి. సూత్రాలు, సమీకరణాలు ఇక్కడ లేవు. అవి కావలసినవారికి పాఠ్యపుస్తకాలున్నాయి.

నక్షత్రం ఎంత దూరంలో ఉందో తెలియకుండానే దాని స్థానం ఎలా చెప్పగలరు?

స్థానం అంటే ఇక్కడ దిశ మాత్రమే. మన చుట్టూ ఒక పెద్ద గోళం ఉందనీ, నక్షత్రాలన్నీ దాని లోపలి గోడకు అతుక్కుని ఉన్నాయనీ అనుకుంటాం. నిజానికి అలాంటి గోళమేదీ లేదని అందరికీ తెలుసు. అయినా లెక్కకు అది పనికొస్తుంది కాబట్టి రెండు వేల ఏళ్లుగా వదిలిపెట్టలేదు. ఆ గోళం మీద రెండు చుక్కల మధ్య దూరాన్ని కిలోమీటర్లలో కాకుండా కోణాల్లో చెబుతారు.

కోణాలంటే ఎంత? కంటికి అందేలా చెప్పండి.

చేయి బారుగా చాచి పిడికిలి బిగిస్తే, దాని అడ్డం వెడల్పు సుమారు 10 డిగ్రీలు. చిటికెన వేలి వెడల్పు ఒక డిగ్రీ. నిండు చంద్రుడు అర డిగ్రీయే. అంటే చిటికెన వేలితో రెండు చందమామలను కప్పేయవచ్చు. నమ్మకం కలగనివారు ఈ పున్నమికి ప్రయత్నించండి.

డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికళ. పంచాంగం చూసేవారికి ఈ మాటలు కొత్త కాదు. కంటితో, మంచి లోహపు పరికరాలతో చేయగలిగినంత గొప్పగా కొలిచిన డెన్మార్క్ ఖగోళవేత్త టైకో బ్రాహీ 16వ శతాబ్దంలో సుమారు ఒక కళ వరకు వచ్చాడు. నేటి శాస్త్రవేత్తలకు వికళ కూడా ముతక కొలతే. రెండున్నర సెంటీమీటర్ల నాణేన్ని 5 కిలోమీటర్ల దూరం నుంచి చూస్తే దాని వెడల్పు ఒక వికళ.

"తూర్పున, 40 డిగ్రీల ఎత్తులో" అంటే సరిపోదా?

పక్కన నిలబడినవారికి చూపించడానికి భేషుగ్గా సరిపోతుంది. దిక్కును దిగంశ అనీ, దిగంతం నుంచి ఎత్తును ఉన్నతాంశ అనీ అంటారు. చిక్కల్లా ఏమిటంటే, పది నిమిషాలు గడిస్తే ఆ సంఖ్యలు మారిపోతాయి. మరో ఊరికి వెళ్లినా మారిపోతాయి.

అందుకే భూమి మీది అక్షాంశ రేఖాంశాలనే ఆకాశానికి పొడిగించారు. భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఉండే వృత్తం ఖగోళ మధ్యరేఖ. దాని నుంచి ఉత్తరానికో దక్షిణానికో ఎన్ని డిగ్రీలో చెప్పేది క్రాంతి. తూర్పు పడమరల వైపు కొలత విషువాంశ. మార్చిలో సూర్యుడు ఆ మధ్యరేఖను ఉత్తరానికి దాటే బిందువు (విషువత్ బిందువు) దగ్గర విషువాంశ సున్నా.

ఈ సంఖ్యలతో ఎంత చెప్పవచ్చో అగస్త్య నక్షత్రంతో చూడండి. దాని క్రాంతి దక్షిణానికి 52.7 డిగ్రీలు. హైదరాబాదు అక్షాంశం 17.4. ఈ రెండూ కలిపి 90లోంచి తీసేస్తే 19.9 వస్తుంది. ఫిబ్రవరి రెండో వారంలో రాత్రి 9 గంటల ప్రాంతంలో హైదరాబాదు నుంచి సూటిగా దక్షిణానికి చూస్తే, అగస్త్యుడు రెండు పిడికిళ్ల ఎత్తులో ఉంటాడు. ఇదే లెక్క డల్లాస్‌కు వేస్తే నాలుగున్నర డిగ్రీలే మిగులుతుంది. అక్కడివారికి చెట్లు, భవనాలు అడ్డు లేని మైదానం కావాలి. లండన్‌కు వేస్తే సంఖ్య సున్నా కంటే దిగువకు పోతుంది. అక్కడ అగస్త్యుడు ఎప్పటికీ ఉదయించడు.

విషువాంశను డిగ్రీల్లో కాకుండా గంటల్లో ఎందుకు రాస్తారు?

దాన్ని గడియారంతో కొలిచారు కాబట్టి.

ఉత్తర దక్షిణాలను కలుపుతూ నడినెత్తి మీదుగా పోయే గీత మధ్యాహ్న రేఖ. ఆ గీత వెంట పైకీ కిందికీ మాత్రమే తిరిగేలా, పక్కలకు ఏమాత్రం కదలకుండా టెలిస్కోపును బిగిస్తారు. భూమి తిరుగుతుంటే నక్షత్రాలు ఒక్కొక్కటిగా ఆ గీతను దాటుతాయి. దాటిన క్షణాన్ని గడియారంలో చూసి రాసుకుంటే విషువాంశ వచ్చేస్తుంది. టెలిస్కోపు ఎంత వంపులో ఉందో పక్కనున్న పెద్ద చక్రం మీది గీతల్లో చదివితే క్రాంతి తెలుస్తుంది. ఇందుకు వాడే గడియారం మన చేతి గడియారం కాదు. నక్షత్రాల లెక్కన భూమి ఒక చుట్టు తిరగడానికి 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు పడుతుంది, ఆ గడియారం దానికి తగ్గట్టు నడుస్తుంది. ఏ నక్షత్రమైనా రోజుకు దాదాపు 4 నిమిషాలు ముందుగా ఉదయించడానికి కారణం ఇదే.

ఈ పద్ధతికి పునాది కదలకూడదు. 1792లో మద్రాసు వేధశాల కట్టినప్పుడు పరికరం కోసం పది టన్నుల నల్లరాతి స్తంభం నిలబెట్టారు. అది ఇప్పటికీ చెన్నై నుంగంబాక్కంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఉంది. దాని మీద చెక్కిన భాషల్లో తెలుగు కూడా ఒకటి. ఆ వేధశాలలో టి.జి. టేలర్ 11,000కు పైగా నక్షత్రాల స్థానాలు కొలిచి 1844లో పట్టిక ప్రచురించాడు. ఆయన దగ్గర ఖగోళశాస్త్రం నేర్చుకున్న గోడే వెంకట జగ్గారావు 1840లో విశాఖపట్నంలో సొంత వేధశాల పెట్టుకున్నారు. ఒక జమీందారు తన డబ్బును ఇలా ఖర్చు చేయడం అప్పటికే కాదు, ఇప్పటికీ అరుదే.

ధ్రువ నక్షత్రం ఎత్తు చూస్తే మన అక్షాంశం తెలుస్తుందంటారు, నిజమేనా?

నిజమే, ఒక డిగ్రీ అటూ ఇటూగా. అది సరిగ్గా ధ్రువం మీద లేదు, ముప్పాతిక డిగ్రీ లోపు పక్కకు ఉంది. తిరుపతి నుంచి చూస్తే 13.6 డిగ్రీల ఎత్తు కాబట్టి చిన్న కొండ అడ్డొచ్చినా కనబడదు.

గాలి వల్ల కొలత తప్పుతుందా?

తప్పుతుంది, అదీ ఒకే రకంగా కాదు. గాలి వెలుతురును వంచుతుంది కాబట్టి ప్రతి నక్షత్రమూ ఉన్నచోటి కంటే కొంచెం పైకి కనిపిస్తుంది. దిగంతానికీ నడినెత్తికీ మధ్య సగం ఎత్తులో ఈ తేడా ఒక కళ, దిగంతం దగ్గర సుమారు 34 కళలు. సూర్యబింబం వెడల్పే 32 కళలు. అందువల్ల అస్తమించబోతూ సముద్రం అంచును తాకినట్టు కనిపించే సూర్యుడు లెక్క ప్రకారం అప్పటికే మునిగిపోయి ఉంటాడు. ఇది కాక గాలి కదలికల వల్ల నక్షత్రం మినుకుమంటూ ఒకటి రెండు వికళల మేర అలుక్కుపోతుంది.

గాలి లేకపోయినా సర్దుబాట్లు తప్పవు. భూమి సెకనుకు 30 కిలోమీటర్ల వేగంతో సూర్యుని చుట్టూ పరుగెడుతుంది కాబట్టి నక్షత్రాలన్నీ ఏడాది పొడవునా 20.5 వికళల మేర అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తాయి. దీన్ని జేమ్స్ బ్రాడ్లీ 1728లో గుర్తించాడు. ఆయన వెతికింది వేరే, నక్షత్రాల దూరాలు తెలిపే కదలికను. అది మాత్రం దొరకలేదు.

ఆ దూరాలు తర్వాతైనా దొరికాయా?

1838లో దొరికాయి. భూమి తన కక్ష్యలో ఒక పక్క నుంచి మరో పక్కకు వెళ్లినప్పుడు దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు కాస్త జరుగుతుంది. హంస రాశిలోని 61 సిగ్నీ నక్షత్రానికి ఫ్రెడరిక్ బెసెల్ కొలిచిన విలువ వికళలో మూడో వంతు కన్నా తక్కువ. స్థానాన్ని అంత సన్నగా కొలిస్తే గానీ దూరం బయటపడలేదు.

నా ఫోన్ యాప్‌లో ఒకే నక్షత్రానికి రెండు జతల సంఖ్యలు కనిపిస్తున్నాయి. ఏది సరైనది?

రెండూ సరైనవే. ఒకటి 2000 జనవరి 1 నాటి లెక్క, దాన్ని జె2000 అంటారు. రెండోది ఇవాళ్టిది.

భూమి అక్షం స్థిరంగా ఒకే వైపు చూపించదు. సుమారు 25,800 ఏళ్లకోసారి ఒక చుట్టు తిరుగుతుంది. దాంతో విషువాంశకు సున్నాగా పెట్టుకున్న బిందువే ఏటా 50.3 వికళల చొప్పున జారిపోతుంది. దీని పేరు అయన చలనం. 2000 నుంచి ఇప్పటికి ఆ జారుడు చందమామ వెడల్పులో మూడింట రెండు వంతులు దాటింది. ఎక్కువ శక్తితో చూసే టెలిస్కోపుకు పాత సంఖ్యలు, కొత్త సంఖ్యలు కలిపి ఇచ్చారంటే మీరు వెతికే వస్తువు కనిపించే వలయంలోకే రాకపోవచ్చు. పుస్తకంలోని సంఖ్య ఏ సంవత్సరానిదో చూడకుండా వాడవద్దు.

దీన్ని కనిపెట్టిన తీరు చెప్పుకోదగ్గది. క్రీస్తుపూర్వం రెండో శతాబ్దంలో గ్రీకు శాస్త్రవేత్త హిపార్కస్ చిత్ర నక్షత్రం స్థానాన్ని కొలిచాడు. తనకు సుమారు 150 ఏళ్ల ముందు టిమోకారిస్ అదే నక్షత్రాన్ని కొలిచి ఉంచాడు. రెండింటి మధ్య 2 డిగ్రీల తేడా వచ్చింది. పాతాయన కొలత తప్పని కొట్టిపారేయడం సులువు. హిపార్కస్ ఆ పని చేయలేదు.

సంక్రాంతి నాడు ఉత్తరాయణం మొదలవుతుందంటారు. మరి సూర్యుడు డిసెంబరులోనే ఉత్తరానికి తిరుగుతాడు కదా?

సూర్యుడు తిరిగేది డిసెంబరు 21 లేదా 22న. మకర సంక్రాంతి వచ్చేది జనవరి 14 లేదా 15న. ఈ ఇరవై నాలుగు రోజుల తేడా ఎవరి పొరపాటూ కాదు. రెండు కొలతలు రెండు వేర్వేరు చోట్ల నుంచి మొదలవుతాయి, అంతే.

ఖగోళ శాస్త్రవేత్తలు సున్నాను జారిపోయే విషువత్ బిందువు దగ్గర పెడతారు. మన పంచాంగం దాన్ని నక్షత్రాల మధ్య ఒకచోట కదలకుండా పెడుతుంది. భారత ప్రభుత్వ పంచాంగ సంస్కరణ సంఘం 1955లో ఖాయం చేసిన పద్ధతిలో ఆ చోటు సుమారుగా చిత్ర నక్షత్రానికి ఎదురుగా, 180 డిగ్రీల దూరంలో ఉంటుంది. హిపార్కస్ కొలిచిన చిత్రే ఇది. రెండు సున్నాల మధ్య తేడా అయనాంశ, ఇప్పుడది 24 డిగ్రీల పైచిలుకు. సూర్యుడు రోజుకు దాదాపు ఒక డిగ్రీ నడుస్తాడు కాబట్టి 24 రోజులు. సుమారు 1700 ఏళ్ల క్రితం రెండూ ఒకేసారి వచ్చేవి. 70 ఏళ్లకు పైగా గడిచేసరికి సంక్రాంతి ఒక రోజు ఆలస్యంగా వస్తుంది.

పండుగ ఎప్పుడు చేసుకోవాలన్నది శాస్త్రం తేల్చే విషయం కాదు. కానీ సూర్యుడు ఎప్పుడు ఉత్తరానికి తిరిగాడన్నది కొలిచి తేల్చగల విషయం. ఈ రెండింటినీ కలిపేసి పోట్లాడుకునేవారిని చూస్తే విసుగొస్తుంది.

ఫొటో వచ్చాక పని తేలికైందా? హైదరాబాదు వేధశాల చేసింది ఇదేనా?

ఇదే. తేలికైందనడం కష్టం.

1887లో పారిస్‌లో సమావేశమైన శాస్త్రవేత్తలు మొత్తం ఆకాశాన్ని ఫొటో తీయాలని తీర్మానించారు. ఆకాశాన్ని క్రాంతిని బట్టి పట్టీలుగా కోసి, దాదాపు ఇరవై వేధశాలలకు పంచారు. దక్షిణానికి 17 నుంచి 23 డిగ్రీల పట్టీ మొదట చిలీలోని శాంటియాగోకు దక్కింది. అక్కడ పని సాగలేదు. అది చివరికి హైదరాబాదుకు వచ్చింది.

హైదరాబాదులో నిజామియా వేధశాలను నెలకొల్పింది నవాబ్ జఫర్ జంగ్, 1901లో, సొంత పరికరాలతో. ఆయన మరణించాక 1908లో నిజాం ప్రభుత్వం దాన్ని చేతిలోకి తీసుకుంది. తర్వాత బేగంపేటకు మార్చారు. 1919 నుంచి ఉస్మానియా విశ్వవిద్యాలయం కిందికి వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్ డైరెక్టర్లుగా ఉన్న కాలంలో మొదలైన ఈ పనిని ఎక్కువ కాలం నడిపించింది టి.పి. భాస్కరన్. తమ పట్టీ ముగించాక జర్మనీలోని పాట్స్‌డామ్ వదిలేసిన ఉత్తరపు పట్టీలో కొంత భాగాన్ని కూడా ఇక్కడివారే తలకెత్తుకున్నారు.

పని ఎలా సాగేదంటే, రెండు డిగ్రీల చదరపు ఆకాశాన్ని గాజు పలక మీద ఫొటో తీస్తారు. పలక మీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు సమానం. అదే పలక మీద 5 మిల్లీమీటర్ల గళ్లను కూడా ముద్రిస్తారు. గాజు మీది పూత కడిగి ఆరబెట్టినప్పుడు ఎక్కడైనా సాగితే ఆ గళ్లే పట్టిస్తాయి. తర్వాత సూక్ష్మదర్శిని కింద ప్రతి నక్షత్రం ఏ గడిలో, ఎంత అడ్డంగా, ఎంత నిలువుగా ఉందో కంటితో చదివి రాయాలి. ఒక్కో పలక మీద వందల చుక్కలు, కొన్నిటిపై వేలు. హైదరాబాదు సంపుటాల్లోకి ఇలా లక్షల నక్షత్రాలు ఎక్కాయి. కంప్యూటర్ లేదు. సరిగ్గా చేశారా అని చూసేందుకు మళ్లీ చదవడమొక్కటే దారి.

పలక మీది మిల్లీమీటర్లను విషువాంశ, క్రాంతిలోకి మార్చాలంటే, స్థానం ముందే తెలిసిన నక్షత్రాలు ఆ పలకలో కొన్ని ఉండాలి. వాటిని ఆనవాళ్లుగా పెట్టుకుని మిగతావన్నీ లెక్కగడతారు. ఏ నక్షత్రాన్నీ ఒంటరిగా కొలవలేం. నాటి పలకకైనా నేటి ఉపగ్రహానికైనా ఇది వర్తిస్తుంది.

ప్రపంచవ్యాప్తంగా ఈ పథకం మీద ఒక తరం జీవితాలు ఖర్చయ్యాయి. అచ్చయిన సంపుటాల్లో ఎక్కువగా పలక మీది అడ్డం నిలువు కొలతలే ఉండడంతో వాటిని వాడుకున్నవారు తక్కువ. గొప్ప పథకం వృథా అయిందన్న మాట దశాబ్దాల పాటు వినిపించింది. 1989లో ఐరోపా ప్రయోగించిన హిప్పార్కోస్ ఉపగ్రహం మూడేళ్లకు పైగా నక్షత్రాలను కొలిచింది. మసక నక్షత్రం ఏటా వికళలో యాభయ్యో వంతు కదిలితే, మూడేళ్లలో ఆ కదలికను పట్టుకోవడం ఉపగ్రహానికీ సులువు కాదు. అదే 80 ఏళ్ల క్రితం గాజు పలక మీద చదివిన స్థానం పక్కన పెడితే తేడా ఒకటిన్నర వికళ దాటుతుంది, కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. పాత సంపుటాలను కంప్యూటర్‌కు ఎక్కించి ఉపగ్రహ కొలతలతో జోడించారు. అలా 2000లో వెలువడిన టైకో-2 పట్టికలో 25 లక్షల నక్షత్రాల కదలికలు ఉన్నాయి. హైదరాబాదులో చదివిన గళ్లు అందులో భాగం. అప్పటికి ఆ పలకలు తీసినవారెవరూ లేరు.

ఇప్పుడు పలకల బదులు కెమెరాలున్నాయి కదా, ఎలా కొలుస్తారు?

తర్కం మారలేదు, కష్టం తగ్గింది. నక్షత్రం వెలుతురు కెమెరాలో ఒకే పిక్సెల్ మీద కాకుండా చుట్టుపక్కల కొన్నిటి మీద పరుచుకుంటుంది. ఏ పిక్సెల్ మీద ఎంత పడిందో చూసి, వెలుతురు మొత్తానికి నడిమి బిందువును లెక్కిస్తారు. అలా చేస్తే పిక్సెల్‌లో చిన్న భాగం వరకు స్థానం తెలుస్తుంది. చుక్క అలుక్కుపోవడం ఇక్కడ మేలే చేస్తుంది.

మీరు తీసిన ఫొటో ఆకాశంలో ఏ మూలదో కూడా కంప్యూటరే చెప్పగలదు. ఆస్ట్రోమెట్రీ.నెట్ అనే ఉచిత సేవకు ఫొటో ఇస్తే, అది నాలుగేసి నక్షత్రాలు చేసే ఆకారాలను తన పట్టికతో పోల్చి సరిపోయే చోటు కనిపెడుతుంది.

గయా ఉపగ్రహం ప్రత్యేకత ఏమిటి?

2013 డిసెంబరు 19న ఐరోపా అంతరిక్ష సంస్థ ప్రయోగించిన గయా భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో, గాలి బెడద లేని చోట పనిచేసింది. దానికి రెండు చూపులుండేవి, మధ్య కోణం 106.5 డిగ్రీలు. ఆరు గంటలకోసారి తన చుట్టూ తాను తిరుగుతూ, ఆకాశంలో బాగా ఎడంగా ఉన్న నక్షత్రాలను ఒకేసారి చూసి ఒకదానితో ఒకటి కలుపుకుంటూ పోయింది. 2022 జూన్‌లో విడుదలైన మూడో విడత పట్టికలో సుమారు 180 కోట్ల ఖగోళ వస్తువులున్నాయి. కాంతిమంతమైన నక్షత్రాల విషయంలో పొరపాటు వికళను 40 వేల భాగాలు చేస్తే ఒక భాగం, అంతే. ఇంధనం అయిపోవడంతో 2025 మార్చి 27న దాన్ని ఆపేశారు. లెక్కలు మాత్రం ఇంకా సాగుతున్నాయి.

నక్షత్రాలన్నీ కదిలేవే అయితే, దేనిని కదలనిదిగా పెట్టుకుంటారు?

క్వేజార్లను. అవి వందల కోట్ల కాంతి సంవత్సరాల దూరంలోని గెలాక్సీల కాంతిమంతమైన కేంద్రాలు. వాటికీ కదలిక ఉంటుంది గానీ అంత దూరం నుంచి మనకు కనబడదు. ఖండాంతరాల్లోని రేడియో టెలిస్కోపులను ఒకే సమయంలో ఒకే క్వేజార్ వైపు తిప్పి స్థానాలు కొలుస్తారు. 2019 జనవరి 1 నుంచి అమలులో ఉన్న అంతర్జాతీయ చట్రంలో, అంటే ఆకాశపు కొలతలన్నిటికీ ఆనవాళ్లుగా పెట్టుకున్న బిందువుల పట్టికలో, ఇలాంటివి 4,536 ఉన్నాయి, వాటిలో 303 మూలస్తంభాలు.

ఇంత సన్నగా కొలిచి మామూలు మనిషికి ఒరిగేదేమిటి?

2024 వైఆర్4 సంగతి గుర్తుండే ఉంటుంది. చిలీలోని అట్లాస్ టెలిస్కోపు 2024 డిసెంబరు 27న గుర్తించిన ఈ గ్రహశకలం సుమారు 60 మీటర్లది. 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం ఉందన్నారు. పడితే పడే ప్రాంతాల వరుసలో దక్షిణాసియా కూడా ఉంది. ఆ అవకాశం 2025 ఫిబ్రవరి 18న 3.1 శాతానికి చేరింది. కొద్ది రోజులకే దాదాపు సున్నా అయింది. శాస్త్రవేత్తలు మాట మార్చారని చాలామంది ఎగతాళి చేశారు.

వారు మాట మార్చలేదు. మొదట్లో కొలతలు కొన్నే కాబట్టి, ఆ రోజున రాయి ఉండగల చోటు ఆకాశంలో బారెడు గీతలా ఉంటుంది. భూమి ఆ గీతలో ఎక్కడో ఒక చిన్న చుక్క. రోజూ స్థానం కొలుస్తుంటే గీత కురచనవుతుంది. భూమి ఇంకా దానిలోనే ఉన్నంత కాలం, కురచనైన గీతలో భూమి వాటా పెరుగుతుంది, శాతం ఎక్కువవుతుంది. గీత కొస భూమిని దాటి పక్కకు జరిగిన మరుక్షణం శాతం పడిపోతుంది. ముందు పెరిగి తర్వాత పడిపోవడం ఇలాంటి వాటిలో మామూలే. వార్తల్లో శాతం పెరుగుతోందని చదివినప్పుడు, ఎన్ని రోజుల కొలతల మీద ఆ మాట అన్నారో కూడా చూడండి.

మా మేడ మీద నుంచి నేను కొలవగలిగేది ఏమైనా ఉందా?

ఖర్చు లేనిది ఒకటి: ఒకేచోట నిలబడి, ఒక నక్షత్రం పక్కింటి గోడ అంచు వెనక్కి వెళ్లే సమయాన్ని సెకన్లతో సహా రాసుకోండి. మర్నాడు అదే చోట, అదే కన్నుతో మళ్లీ చూడండి. దాదాపు 3 నిమిషాల 56 సెకన్లు ముందుగా మాయమవుతుంది. కంటిని బొటనవేలంత పక్కకు జరిపినా లెక్క తప్పుతుంది కాబట్టి గోడ ఎంత దూరంలో ఉంటే అంత మంచిది.

కెమెరా, చిన్న టెలిస్కోపు ఉన్నవారు గ్రహశకలాల స్థానాలు కొలిచి అమెరికాలోని మైనర్ ప్లానెట్ సెంటర్‌కు పంపవచ్చు. ముందుగా తెలిసిన గ్రహశకలాలను కొలిచి పంపితే, అవి సరిపోయాయని తేలాక మీ చోటుకు ఒక గుర్తింపు సంకేతం ఇస్తారు. కొత్తవారు ఎక్కువగా తప్పేది గడియారం దగ్గర. భూమికి దగ్గరగా వచ్చిన రాయి సెకనుకు ఒక వికళ కన్నా వేగంగా జరగవచ్చు, అలాంటప్పుడు కంప్యూటర్ గడియారం రెండు సెకన్లు వెనకబడితే స్థానమూ అంత మేర తప్పుతుంది. ఫొటో మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్‌తో సమయాన్ని సరిచేసుకోండి, నమోదు చేసే సమయం ఎక్స్‌పోజర్ మొదలుదా, మధ్యదా అని సాఫ్ట్‌వేర్‌లో చూసుకోండి. వారికి కావలసింది మధ్యది.